మార్చిలో నాన్నతో లేక్ ఫోర్క్: బ్యాస్ పడుతుందా, పరువు పోతుందా?

సాగర్ కుడికాలువ

అందరికీ నమస్తే. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, సొంతూరు మాచర్ల పక్కన. నాన్న ఫిబ్రవరి ఆఖర్న వస్తున్నారు. 71 ఏళ్ళు, ఇరిగేషన్‌లో ఏఈగా రిటైరయ్యారు. సర్వీసంతా సాగర్ కుడి కాలువ మీదే. ఆదివారం వస్తే గట్టు మీద గొంతుక్కూర్చుని, వెదురు కర్రకి నెమలీక బెండు కట్టి గాలం వేసేవారు. పక్కన వానపాముల డబ్బా పట్టుకుని నేను.

ఇక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ గుడి, కాస్ట్‌కో, సోఫా, మళ్ళీ గుడి. పోయినసారి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టు లైన్లో నిలబడి "మీ ఊళ్ళో కాలవలు లేవంట్రా?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఈసారి అనుకున్నది ఇదీ. మార్చి మూడో వారం మావాడికి (11 ఏళ్ళు) స్ప్రింగ్ బ్రేక్. 19 గురువారం ఉగాది. పండగ పూట చేపల గోలేంటని ఇంట్లో అప్పుడే ఒక విడత అయిపోయింది, కాబట్టి 20, 21 తేదీలు. చోటు లేక్ ఫోర్క్ అనే పెద్ద చెరువు. టెక్సాస్ రికార్డు బ్యాస్ చేప అక్కడిదేనని చదివాక ఇంకో చోటు వెతకలేదు. పడవ అద్దెకి తీసుకుని నేనే నడుపుదామని ఉంది. ఎప్పుడూ నడపలేదు గానీ వీడియోలు చూస్తే కారు కంటే సులువుగానే కనిపిస్తోంది. అన్నీ కలిపి 600 డాలర్ల లోపు అవ్వాలి.

తెలియనివి: ఆ తేదీలు బ్యాస్‌కి మంచివేనా? విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నకి లైసెన్సు కావాలా? పట్టింది ఇంటికి తెచ్చుకోవచ్చా? మా అమ్మ ఇప్పటికే ఫోన్లో "చింతపండు నానబెట్టమంటావా" అని అడుగుతోంది. ఇంకోటి, నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కువసేపు నిలబడలేరు.

ఎక్సెల్ షీట్

లైసెన్సు లెక్క నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్ళు చెప్తారు. మీరు టెక్సాస్‌లో ఆరు నెలలు దాటి ఉంటున్నారు కాబట్టి రెసిడెంటు. మంచినీటి చేపలకి ఏడాది ప్యాకేజీ 30 డాలర్లు, ఒక్కరోజుదైతే 11. ఏడాదిది ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, అది గుర్తుంచుకోండి. మీ నాన్నగారు నాన్‌రెసిడెంటు, ఒక్కరోజుది 16 డాలర్లు. మా మామగారికి స్పోర్ట్స్ షాపు కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి తీసుకున్నాం, ఐదు నిమిషాల పని. మీవాడికి అక్కర్లేదు, 17 నిండేదాకా ఉచితమే. స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచో, పియర్ (నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన) మీద నుంచో గాలం వేస్తే ఎవరికీ లైసెన్సు అవసరం లేదు.

"నేను పట్టుకుని కూర్చున్నానంతే" అనే మాట గేమ్ వార్డెన్ (వేట, చేపల రూల్స్ చూసే అధికారి) దగ్గర చెల్లదు. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి లైసెన్సు ఉండాలి.

పాత గాలం

తమ్ముడూ, మాది మిర్యాలగూడ. నీది కుడి కాలువ, నాది ఎడమ కాలువ. నీళ్ళ పంచాయతీ ఇక్కడ వద్దు, చేపల ముచ్చట మాట్లాడుకుందాం. నేను డాలస్ వచ్చి పందొమ్మిదేండ్లు. ఫోర్క్‌కి ఏడాదికి నాలుగైదు సార్లు పోత.

ముందు పడవ సంగతి. వద్దు. వీడియోల లేక్ మధ్యల పోతుంటే సులువుగనే ఉంటది. ఫోర్క్ అట్ల కాదు. 1980ల డ్యాం మూసి నీళ్ళు నింపినప్పుడు చెట్లు మస్తుగ అట్లనే విడిచిపెట్టిన్రు. 27 వేల ఎకరాల నీళ్ళు, అండ్ల ఎండిపోయిన అడివి. కొన్ని మోడులు నీళ్ళ మీద కనిపిస్తయి, వాటితోని భయం లేదు. నీళ్ళ కింద జానెడు లోతుల ఉన్నయి చూడు, అవి పడవను తింటయి. పడవలు పోయేటందుకు గుర్తులు పెట్టిన దారులున్నయి, ఆ దారి తప్పితే నీ ఖర్మ. 2011 మార్చిల నేను గిదే పని చేసిన. అద్దె పడవ, ఇద్దరు దోస్తులు, పులిహోర. పొద్దున పదిన్నరకి మొద్దు మీదికి ఎక్కిచ్చిన. దక్షిణం గాలి ఇటు నూకుతది, మోడు అటు పట్టుకుంటది, రెండు గంటలు నీళ్ళ మధ్యల పంచాంగ శ్రవణం. ఆఖరికి ఒక ముసలాయన తాడేసి గుంజిండు. ఆ దినం ఒక్క చేప పడలే, ప్రొపెల్లర్‌కి మాత్రం పైసలు కట్టిన.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనిషిని, పదకొండేండ్ల పిలగాన్ని ఎక్కిచ్చుకోని అండ్ల డ్రైవింగ్ నేర్చుకుంటవా? గైడును పెట్టుకో. సగం రోజు చాలు. పోయినేడు మేం ముగ్గురం పోతే నాకు 450 పడ్డది, టిప్పు కాక. కర్రలు, ఎరలు, పడవ అన్నీ ఆయనవే. ఫోన్ల ముందే చెప్పు: నాయన నిలబడలేడు, పిలగాడు కొత్త, పెద్ద చేప కంటే ఏదో ఒకటి తగిలితే చాలని. మంచి గైడయితే దానికి తగ్గ జాగకి తీస్కపోతడు. పిలగానికి లైఫ్ జాకెట్ సైజు అడుగు. చిన్న పడవ కదులుతున్నంత సేపు 13 ఏండ్ల లోపోళ్ళకి ఒంటి మీద ఉండాల్సిందే, అది టెక్సాస్ చట్టం.

ఇంకోటి, నవ్వకు. పడవలకి అరటిపండ్లు తేవొద్దు. ఇక్కడి చేపలోళ్ళకి అది అపశకునం. మా మామ కవర్ల అర డజను పెట్టుకోని వస్తే గైడు మొఖం మన దగ్గర పిల్లి ఎదురొచ్చినట్టు అయింది. పండ్లన్నీ మళ్ళ కార్ల పెట్టి వచ్చినం.

ఇగ తారీకు. నువ్వు క్యాలెండర్ చూస్తున్నవ్, బ్యాస్ నీళ్ళ వేడి చూస్తది. నీళ్ళు 55 డిగ్రీలు (ఫారెన్‌హీట్) దాటుతుంటే లోతుల నుంచి వాగు మూతుల దాకా వచ్చి ఆగుతయి. 60 దాటినంక మగయి ముందుగాల లోపలికొస్తయి. రెండు మూడు అడుగుల లోతుల గట్టి నేల చూసి, తోకతోని ఊడ్చి గుండ్రంగ గూడు చేస్తయి. పెద్దయన్నీ ఆడయే. అవి వచ్చి గుడ్లు పెట్టి పోతయి. మగది అక్కడనే ఉండి గుడ్లకు, అవి పిల్లలైనంక పిల్లలకు గూడ కాపలా కాస్తది. మన కొర్రమీను లెక్క. ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లీతండ్రి తిరుగుతుంటయి చూడు, అట్ల. మీ నాయనకి ఈ ఒక్క ముక్క చెప్పు, మిగతాది ఆయనే నీకు చెప్తడు.

ఫోర్క్‌ల ఈ కథ ఫిబ్రవరిల మొదలయి ఏప్రిల్ దాకా నడుస్తది. అన్ని చేపలు ఒక్కసారి రావు. కాబట్టి మార్చి 20 చెడ్డది కాదు. ఎండ తొందరగ తగిలే ఉత్తరం దిక్కు వాగులు ముందు వేడెక్కుతయి. నేనయితే లిటిల్ కేనీ, రన్నింగ్ క్రీక్ దిక్కు చూస్త. పౌర్ణమికి గుడ్లు పెడ్తయని ఇక్కడ మస్తు మంది నమ్ముతరు. ఉగాది అంటేనే అమావాస్య తెల్లారి, అంటే నువ్వు సరిగ్గ ఉల్టా దినాలు పట్టుకున్నవ్. నాకా నమ్మకం లేదు, పరేషాన్ కాకు.

నాకు నమ్మకమున్నది గాలి మీద. రెండు మూడు దినాలు దక్షిణం గాలి వీచి, మబ్బు పట్టి, ఉక్కపోసిందంటే చేప తింటది. తర్వాత కోల్డ్ ఫ్రంట్ దిగి ఉత్తరం గాలి, నీలం ఆకాశం, ఫోటోలకు మంచి ఎండ వచ్చిందనుకో, నోరు మూసుకుంటది. అప్పుడు ఎర చిన్నగ, చేతులు నిదానంగ. మార్చిల ఫ్రంట్ ఏ దినం దిగుతదో వారం ముందు చెప్పలేం. అందుకే రెండు దినాలు ఒక్క ఫోర్క్ మీదనే పెట్టకు.

రికార్డు చేప అంటివి కదా, దాని కథ విను. 18.18 పౌండ్లు, మన లెక్కల ఎనిమిది కిలోల పైన. 1992 జనవరి 24న బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయనకి పడ్డది. ఆయన బ్యాస్ కోసం పోనే లేదు, క్రాపీలనే వేరే జాతి చేపల కోసం బతికున్న చిన్న చేపను గుచ్చి కూసున్నడు. 34 ఏండ్లయింది, లక్షల లక్షల ఎరలు పడ్డయి, ఆ రికార్డు అట్లనే ఉన్నది. పది పౌండ్లదే కావాలని పోతే మొఖం వేలాడేసుకోని వస్తవు.

సొంతంగ ఎరలు కొంటనంటే రెండు చాలు. ఎర్ర రంగు రాట్-ఎల్-ట్రాప్ (చేప బొమ్మ లెక్క ఉండే గట్టి ఎర) ఒకటి, గడ్డి మీదికెళ్ళి గుంజనీకి. సెంకో లాంటి మెత్తటి ప్లాస్టిక్ పురుగు ఒకటి, గాలం ముల్లు బయటికి కనపడకుండ దాని ఒంట్లనే గుచ్చి మోడుల పక్కన విడువనీకి. దీన్నే టెక్సాస్ రిగ్ అంటరు. పన్నెండు రకాల డబ్బా కొనకు, మొదటి ఏడు నేను కొన్న, ఇంకా గ్యారేజీల ఉన్నయి.

టైలర్ అక్క

తమ్ముడూ, మాది భీమవరం. చేప పట్టడం నాకు రాదు గానీ వండటం గురించి ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

ముందు మీ అమ్మగారిని చింతపండు నానబెట్టొద్దని చెప్పు. ఫోర్క్‌లో బ్యాస్‌కి వింత కొలత ఉంది. 16 అంగుళాల లోపుదైనా ఉంచుకోవచ్చు, 24 అంగుళాలు, ఆ పైదైనా ఉంచుకోవచ్చు, మధ్యవన్నీ నీళ్ళలోకే. రోజుకి మొత్తం ఐదు, అందులో 24 దాటింది ఒక్కటే. అంటే చేతికి తగిలే మంచి సైజు చేపలన్నీ వదిలెయ్యాల్సినవే. ఇక్కడివాళ్ళు ఉంచుకోగలిగినవి కూడా చాలావరకు ముద్దు పెట్టి వదిలేస్తారు. మా ఆయన ఒకసారి రెండు చిన్నవి తెచ్చాడు. పులుసు పెట్టాను. ముక్క విడిపోయింది, పులుసుకి రుచి దిగలేదు. మన శీలావతిలా కొవ్వుండదు. వేపుడుకి పరవాలేదు. పులుసే కావాలంటే క్యాట్‌ఫిష్ తెచ్చుకో, మన జెల్లకి చుట్టమే. క్రాపీ అయితే కారం, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద కాల్చు, నువ్వే మళ్ళీ ఫోర్క్ దారి పడతావు.

పాత గాలం అన్నయ్య రెండు రోజులూ ఒక్కచోటే పెట్టుకోవద్దన్నారు కదా, రెండో చోటు నేను చెప్తాను. పర్టిస్ క్రీక్ స్టేట్ పార్కు. డాలస్‌కి ఆగ్నేయంగా, యూస్టేస్ ఊరి దగ్గర. చెరువు 355 ఎకరాలే. ఒకేసారి 50 పడవలకి మించి రానివ్వరు, అవి కూడా నెమ్మదిగా పాకాల్సిందే. కాబట్టి అలల గోల ఉండదు. పియర్ ఉంది, మడత కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, బాత్రూం దగ్గర్లోనే. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు బ్యాస్ కంటే ముందు చూసుకోవాల్సింది అదే, మగవాళ్ళకి ఎవరికీ గుర్తుండదు. లైసెన్సు అక్కర్లేదని పైన చెప్పారుగా. స్ప్రింగ్ బ్రేక్‌లో పార్కు నిండితే గేటు దగ్గర వెనక్కి పంపేస్తారు, డే పాస్ ముందే ఆన్‌లైన్లో తీసుకో. చాలా స్టేట్ పార్కుల్లో కర్రలు ఉచితంగా అరువిస్తారు, ఫోన్ చేసి అడుగు.

అక్కణ్ణుంచి కాస్త దూరంలోనే అథెన్స్ ఊరు. అక్కడ టెక్సాస్ ఫ్రెష్‌వాటర్ ఫిషరీస్ సెంటర్ ఉంది. 13 పౌండ్లు దాటిన బ్యాస్ జనవరి నుంచి మార్చి ఆఖరు లోపల ఎవరికైనా పడితే, కబురు చేస్తే వచ్చి తీసుకెళ్ళి ఇక్కడ గుడ్లు పెట్టిస్తారు. షేర్‌లంకర్ అంటారు. ఆ పని మొదలైంది కూడా ఫోర్క్ చేపతోనే. 1986 నవంబర్లో మార్క్ స్టీవెన్సన్ అనే గైడుకి పడిన 17.67 పౌండ్ల ఆడది, పేరు ఎథెల్. చేపకి పేరేంటని మా అత్తగారు నవ్వి నవ్వి దగ్గారు. అక్వేరియంలో డైవర్ నీళ్ళలో దిగి చేపలకి మేత పెడతాడు, మీవాడికి నచ్చుతుంది. మీ నాన్నగారికి హేచరీ తొట్లు నచ్చుతాయి, ఇరిగేషన్ మనిషి కదా, నీళ్ళు ఎక్కణ్ణుంచి తీసుకుంటున్నారో అడుగుతారు చూడు.

దద్దోజనం పెట్టుకెళ్ళు. ఆ దారిలో శాకాహారం దొరకదు. వెనిగర్ బాటిల్లో ఎర్ర మిరపకాయలు మాత్రం ప్రతి టేబుల్ మీదా ఉంటాయి.

సాగర్ కుడికాలువ

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. పడవ మానేశాను. శుక్రవారం పర్టిస్ క్రీక్, శనివారం పొద్దున ఫోర్క్‌లో సగం రోజు గైడు. నాన్నకి శనివారం ఒక్కరోజు లైసెన్సు. రాత్రి మకాం ఎమరీలో ఒక చిన్న మోటెల్. సెంకో ఒక ప్యాకెట్ కొన్నాను. నాన్నకి ఫోటో పంపితే "రబ్బరు పురుగుకి చేప పడుద్దా? చేపలకి కళ్ళు లేవా?" అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

సాగర్ కుడికాలువ

(మార్చి 24) వెళ్ళొచ్చాం. అడిగినవాళ్ళకి రిపోర్టు.

శుక్రవారం పర్టిస్‌లో నాన్న సెంకోని ముట్టుకోలేదు. పొద్దున మిగిలిన చపాతీ పిండిలో కాస్త వెల్లుల్లి నలిపి, గోలీలు చేసుకుని జేబులో వేసుకొచ్చారు. నాకు చెప్పనే లేదు. కుర్చీ వేశాక ఐదు నిమిషాల్లో బెండు మునిగింది. బ్లూగిల్, అరచేయంత. తర్వాత ఇంకోటి. మావాడు లెక్క రాశాడు, మధ్యాహ్నానికి 14. అన్నీ వదిలేశాం. నేను సెంకోని మూడు గంటలు ఈత కొట్టించాను, గుడ్డి చేప కూడా చూడలేదు.

శుక్రవారం రాత్రి గాలి తిరిగింది. పాత గాలం అన్న చెప్పినట్టే శనివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గైడు మమ్మల్ని చూసి, ఆకాశం చూసి, "కష్టపడాలి" అన్నాడు. అరటిపండ్లు లేవని నేనే ముందు చెప్పాను, నవ్వాడు. రెండు గంటలు ఏమీ లేదు. పదింటికి ఒక వాగు లోపలికి తీసుకెళ్ళాడు, నీళ్ళు 62 డిగ్రీలు. గట్టు పక్కన తెల్లగా గుండ్రంగా గూడు, దాని మీద మగ చేప. గుడ్లకి కాపలా అని నాన్నకి చెప్పి, పాపం వదిలేద్దాం అంటారేమోనని చూశాను.

"కొరమీనైతే పిల్లల గుంపు మధ్యలో వెయ్యాలి. అట్టా వేస్తేనే కోపంతో పట్టుద్ది" అని కర్ర అందుకున్నారు.

రెండుసార్లు రబ్బరు పురుగుని నోటితో పట్టుకుని గూడు బయటికి తీసుకెళ్ళి ఉమ్మేసింది. మూడోసారి నాన్న లాగేశారు. పడవలో నిలబడొద్దని చెప్పినా లేచారు, గైడు నడుం పట్టుకున్నాడు. చేతులు తడి చేసుకుని కింది పెదవి పట్టి పైకెత్తాడు. ఫోటో తీశాను. నీళ్ళలో వదిలిన అర నిమిషానికి మళ్ళీ గూడు మీదికొచ్చి నిలబడింది. "సిగ్గులేని చేప" అన్నారు నాన్న, చాలా మెచ్చుకోలుగా.

పడింది ఆ ఒక్కటే. కానీ గొడవ అక్కడ కాదు, కొలత దగ్గర. మామూలుగా పెడితే పదిహేనూ ముప్పావు. గైడు తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కాడు, పదహారుంబావు అయింది. అందుకని వదిలేశాడు. నాన్నకి అది మింగుడు పడలేదు. "ముప్పై ఏళ్ళు ఎం-బుక్‌లో పనుల కొలతలు రాసినవాణ్ణి, నాకు కొలత నేర్పుతాడా? తోక నొక్కి అరంగుళం పెంచాడు. మన కాంట్రాక్టర్లు నయం" అని డాలస్ దాకా అదే మాట. నిన్న అమ్మకి కూడా ఫోన్లో అదే చెప్తున్నారు. ఇంతకీ గైడు చేసింది కరెక్టేనా?

పాత గాలం

కరెక్టే. పడుకోబెట్టి, మూతి మూసి, తోక నొక్కి, ఎంత పొడుగు వస్తే అదే కొలత. టెక్సాస్ రూల్ బుక్కుల బొమ్మ గూడ ఉన్నది, మీ నాయనకి ప్రింటు తీసియ్యి. ఆ చపాతీ పిండిల వెల్లుల్లి ఎంత ఏసిండో అడిగి చెప్పు.

సాగర్ కుడికాలువ

అడిగాను. "ఎడమ కాలువ వాళ్ళకి చెప్పను" అన్నారు.